మా అటక మీది హుద్‌హుద్ పెట్టె

దసరాకి ఇల్లు దులిపేటప్పుడు అందరూ అటక మీది ఇత్తడి సామాను దింపుకుంటారు. నేను ముందుగా ఓ ఆకుపచ్చ రేకు పెట్టె దింపుతాను. మావారు దానికి 'హుద్‌హుద్ పెట్టె' అని పేరు పెట్టారు. వెక్కిరింపే అనుకోండి. కానీ దాని వెనక కథ ఆయనకీ తెలుసు కనక మరీ గట్టిగా నవ్వరు.

2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో మాది మూడో అంతస్తు. బాబుకి ఎనిమిది నెలలు. అత్తయ్యకి షుగరు, రెండు పూటలా ఇన్సులిన్ ఇవ్వాలి. తుపాను వస్తోందని ముందునుంచీ చెబుతూనే వున్నారు. నేనూ ఊరుకోలేదు లెండి! కొవ్వొత్తులు తెచ్చాను, జంతికలు వండాను, పులిహోర కలిపాను. తుపానుకి కాదు, వనభోజనాలకి తయారైనట్టు తయారయ్యాను.

పొద్దున్నుంచీ గాలి తలుపులు విరగ్గొట్టేంత పని చేసింది. ఇంతలో ఒక్కసారిగా అంతా సద్దుమణిగింది. 'అమ్మయ్య, పోయింది' అని జనం వీధిలోకొచ్చేశారు. కింది వాటా మామ్మగారు మాత్రం మెట్ల మీద నిలబడి, "లోపలికి పొండర్రా, ఇది తుపాను కన్ను. మళ్లీ వస్తుంది" అని ఒకటే కేకలు. అన్నట్టే కాసేపటికి ఎదురు దిక్కునుంచి గాలి విరుచుకుపడింది. ఆవిడ మాట విని లోపలికి రాకపోతే, చెత్త పారబోయడానికి వెళ్లిన మావారు చెట్టు కిందే వుండేవారు. ఆ చెట్టు పడింది కూడాను.

కరెంటు పోయింది. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే మూడో అంతస్తుకి చుక్క నీళ్లు లేవు. ఫోన్లు మూగబోయాయి. ఏటీఎంలు పనిచెయ్యలేదు. మావారి పర్సులో వున్నవి రెండొందల నలభై రూపాయలు.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. సోమవారం సాయంత్రం ఫ్రిజ్ తెరిచి చూస్తే ఇన్సులిన్ సీసా గోరువెచ్చగా తగిలింది. పాడైపోయిందనుకున్నాను. పాడైన మందు పొడిస్తే ఆవిడకి ఏమవుతుందోనని భయపడి పారేశాను! డిగ్రీ చదివాను, ఏం లాభం? మర్నాటికి అత్తయ్యకి విపరీతమైన దాహం, మాటిమాటికీ బాత్‌రూముకి వెళ్లడం. ఇంట్లో చూస్తే నీళ్లు బిందెడు. "నాకేం కాలేదమ్మా, పిల్లాడికి వుంచు" అని ఆవిడ గుటక మింగి ఊరుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. మావారు రోడ్డుకడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ నడిచి నడిచి, మూసివున్న మూడు కొట్లు చూసి, చివరికి జనరేటరు నడుస్తున్న ఓ మందుల కొట్టులో సీసా సంపాదించారు. అప్పటికి రాత్రయింది.

తర్వాత డాక్టరుగారు చెప్పారు: వాడకం మొదలెట్టిన సీసా ఎండ, పొయ్యి వేడి తగలకుండా వుంచితే మామూలుగా నాలుగు వారాల దాకా బయటే వుండొచ్చట. తెరవని సీసాల కోసం మట్టికుండ, దాని చుట్టూ తడి ఇసుక చాలు. ఐసుముక్కల మీద మాత్రం పెట్టకూడదు, గడ్డ కడితే మందు పాడవుతుంది. ఇన్సులిన్ రకాన్నిబట్టి రోజులు మారతాయి గనక మీ డాక్టరుని ఇప్పుడే అడిగి ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. తుపాను రోజున అడగడానికి ఫోను పనిచెయ్యదు.

అందుకే మా పెట్టెలో ముందు మందుల చీటీ, రెండు వారాలకి సరిపడా మందులు వుంటాయి. తర్వాత చిల్లర నోట్లు, వందలూ యాభైలూ. ఫోన్ నంబర్లు కాగితం మీద. 108, 112 అందరికీ నోటికొచ్చు, మరి చెల్లెలి నంబరో? టార్చిలైటు వుంటుంది కానీ బ్యాటరీలు విడిగా వుంటాయి. లోపలే వదిలేస్తే కారి టార్చిని తినేస్తాయి, నాకొకటి అలాగే పోయింది. అటుకులు, బెల్లం, వేరుశెనగపప్పు, పాలపొడి. విరేచనాలు పట్టుకుంటే వెతుక్కోకుండా ఓఆర్ఎస్ పొట్లాలు. అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే ఎక్కువ.

నీళ్ల లెక్క మనిషికి రోజుకి మూడు లీటర్లు, అదీ తాగడానికీ వంటకీ. నలుగురికి మూడు రోజులంటే రెండు ఇరవై లీటర్ల క్యాన్లన్నమాట. తుపాను కబురు రాగానే బకెట్లూ గిన్నెలూ అన్నీ నింపేస్తాను, బాత్‌రూముకి పనికొస్తాయి.

ఇవన్నీ కొత్తగా నేను కనిపెట్టినవేం కావు. కోనసీమలో మా అమ్మమ్మ అగ్గిపెట్టెని బియ్యం డబ్బాలో పాతిపెట్టేది, తడవకుండా. 1996 నవంబరు తుపానుకి దొడ్లో కొబ్బరిచెట్లన్నీ పడిపోయినా మర్నాడు పొయ్యి వెలిగిందంటే ఆ అగ్గిపెట్టె చలవే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. చూసి కూడా నేర్చుకోలేదు చూడండి.

పెట్టె అటక మీద ఎందుకంటారా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా పెద్దమ్మ కూతురు అన్నీ చక్కగా సర్దుకుని సంచీ మంచం కింద పెట్టుకుంది. ముందు మునిగింది అదే. పాపం, రేషన్ కార్డు నుంచి పెళ్లి ఫొటోల దాకా ముద్దయిపోయాయి. అప్పట్నుంచి మా కాగితాలు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టాను, నకళ్లు ఫోనులోనూ వున్నాయి. ఇంట్లోకి నీళ్లొచ్చే సూచన కనబడితే మెయిన్ స్విచ్ కట్టెయ్యాలని, సిలిండరు రెగ్యులేటరు ఆపెయ్యాలని బాబుకి కూడా చూపించాను. నేల తడిగా వుంటే స్విచ్చు జోలికి పోవద్దని మరీమరీ చెప్పాను.

ఈ దసరాకి దింపి చూస్తే బెల్లం సగం లేదు. ఆ దొంగకిప్పుడు పన్నెండో ఏడు దగ్గరపడింది. అత్తయ్య వాడిని తిట్టనివ్వకుండా, ఇంకో అరకిలో కొనుక్కురమ్మని తన కొంగుముడి విప్పి డబ్బులిచ్చారు.