కుక్కకు మూర్ఛ వచ్చినప్పుడు

మా కేంద్రమునకు చేరు ఉత్తరములలో పంటలను గూర్చియు, పాడిపశువులను గూర్చియు వచ్చునవే హెచ్చు. కుక్కను గూర్చి వ్రాయువారు అరుదు. కావుననే నాగిరెడ్డిపేట ప్రాంతమునుండి ఒక రైతు వ్రాసిన ఉత్తరమును మేము రెండు పర్యాయములు చదివితిమి. ఆయన యింట నాలుగేండ్ల కుక్క యొకటి కలదు. పగలు వాకిట పండుకొనును. రాత్రి వరిమడి గట్టున కావలి కాయును. ఒకనాటి తెల్లవారుజామున అది ఉన్నట్టుండి ప్రక్కకు ఒరిగి, కాళ్లు కొట్టుకొని, నోట నురుగు క్రక్కి, పడినచోటనే మూత్రము విడిచినదట. రెండు నిమిషములకు లేచి, గ్రుడ్డిదానివలె గోడలకు తగులుకొనుచు తిరిగినదట. మరునెలలో మరల అట్లే జరిగినది. ఈసారి ఇరుగుపొరుగువారు కర్రలు పట్టుకొని వచ్చిరి. పిచ్చి పట్టినది, కొట్టి చంపుమనిరి. ఆయన దానిని గొలుసుతో కట్టి, ఎవ్వరిని దగ్గరకు రానీయక, పశువైద్యుని పిలిపించెను. మాత్రలు మొదలైనవి. ఆరు నెలలుగా మూర్ఛ లేదు.

ఇప్పుడాయన అడుగునవి రెండు ప్రశ్నలు. ఆనాడు పొరుగువారు చెప్పినది పొరపాటని నిశ్చయముగా ఎట్లు తెలియును? జబ్బు పోయినది గదా, ఇక మాత్రలు మానవచ్చునా?

మేము పశువైద్యులము కాము. అయినను, ఈ రెండు ప్రశ్నలకును వైద్యశాస్త్రమున స్పష్టమైన సమాధానములు ఉన్నవి. వానిని శ్రోతల ముందుంచుట మా పని.

మెదకు నుండి ఎల్లారెడ్డికి పోవు త్రోవలోనున్న ఈ మండలమును ఎరిగినవారికి పోచారము చెరువు తెలియును. 1916లో ఆరంభమై 1922లో ముగిసిన ఆ కట్టడము క్రింద వరి సాగుచున్నది. ప్రక్కనే అడవి కలదు. వరి యున్నచోట పురుగుమందు ఉండును, ఎలుకల మందు ఉండును. అడవియు, ఊరకుక్కలును ఉన్నచోట పిచ్చికుక్క భయము ఉండును. కావున ఇచ్చటి రైతు తన కుక్క క్రిందపడి తన్నుకొనుట చూచి భయపడిన, ఆ భయము నిష్కారణమైనది కాదు. దానిని వెక్కిరించుటకు మాకు మనసు రాదు.

మూర్ఛ యనగా నేమి? మెదడులోని నాడీకణములు ఒకదానితో నొకటి సన్నని విద్యుత్ప్రేరణలతో మాటాడుకొనును. ఏదో కారణమున ఒకచోటి కణములన్నియు ఒక్కసారిగా, అదుపు తప్పి ప్రేరణలను విడిచినచో, దేహము వానికి బానిసయగును. 1873లో ఆంగ్ల వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ మూర్ఛను ఇట్లే నిర్వచించెను. మన ప్రాచీన వైద్యులు దీనికి అపస్మారమని పేరిడిరి. స్మృతి తప్పుట అని దాని యర్థము. మనుష్యునకును కుక్కకును ఈ విషయమున భేదము స్వల్పము. కుక్కకు ఏ ఇతర కారణమును కనబడక పదేపదే మూర్ఛలు వచ్చుచో, అది చాలవరకు పుట్టుకతో వచ్చిన స్వభావమే. ఇట్టి జబ్బు సామాన్యముగా ఆరు నెలల వయసునకును ఆరేండ్ల వయసునకును నడుమ బయటపడును. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బీగిల్ జాతులలో దీనిని తరచుగా చూతురు. నాటుకుక్కలకు రాదని తలచరాదు.

ఇక పిచ్చి సంగతి. రేబిస్ సోకిన కుక్కకును చివరి దినములలో మూర్ఛలు రావచ్చును. అయితే ఆ రెండు జబ్బుల నడక వేరు. సామాన్యపు మూర్ఛగల కుక్క తేరుకొనిన కొలదిసేపటికి, లేదా ఒకటి రెండు దినములకు, పూర్వమువలెనే యుండును. యజమానిని గుర్తించును, తిండి తినును, తోక ఊపును. తరువాతి మూర్ఛ వచ్చువరకు దానికి జబ్బున్నదని ఎవ్వరును చెప్పలేరు. రేబిస్ సోకినదానికి ఇట్టి విరామము లేదు. దినదినమును దిగజారుటయే. స్వభావము మారును, చీకటిమూలలకు చేరును, లేదా నిష్కారణముగా కరచును. మొరుగు బొంగురుపోవును. క్రిందిదవడ వ్రేలాడును, మ్రింగలేక చొంగ కారును, కాళ్లు పడిపోవును. లక్షణములు కనబడిన తరువాత సామాన్యముగా పది దినములలోపల మరణించును. ఇచ్చట ఒక మాట చెప్పవలెను. నీళ్లను చూచి భయపడుట మనుష్యులలో కనబడు లక్షణము. పిచ్చికుక్క నీటికి భయపడదు. త్రాగవలెనని యత్నించి త్రాగలేకపోవును. కావున పళ్లెములో నీళ్లు పెట్టి పరీక్షించుట వలన ఏమియు తేలదు.

మన శ్రోత కుక్క ఆరు నెలలుగా బ్రతికి, తిని, కావలి కాయుచున్నది. మొదటి ప్రశ్నకు అదియే జవాబు. కాని ఆయన ఆనాడు దానిని కట్టివేసి ఎవ్వరిని దగ్గరకు రానీయకుండుట సరియైన పనియే. ఏటేట రేబిస్ టీకా వేయించినట్లు కాగితము చేతిలోనుండిన, పొరుగువారికి చూపుటకు అంతకంటె మంచి ఆధారము లేదు. మూర్ఛలోగాని, తేరుకొనునప్పటి అయోమయములోగాని కుక్క ఎవరినైన కరచినచో, కారణ మేదైనను గాయమును ధారగా పారు నీటితో సబ్బుపెట్టి పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే టీకాకై ఆసుపత్రికి పోవలెను. కుక్క మనదే గదా యని ఆలసించుట ప్రాణాపాయము.

మూర్ఛను పోలినవియు, మూర్ఛను తెచ్చునవియు మరికొన్ని కలవు. పొలములో చల్లిన పురుగుమందు నాకిన కుక్క వణకుచు, చొంగ కార్చుచు, వాంతులు విరేచనములతో తన్నుకొనును. అప్పుడు రేపటివరకు ఆగరాదు. మందు డబ్బాను వెంటబెట్టుకొని వైద్యునియొద్దకు పరుగెత్తవలెను. పాలిచ్చు తల్లికుక్కకు రక్తములో సున్నపు ధాతువు, అనగా కాల్షియము, తగ్గినచో బిగిసిపోవును. పసికూనలకు ఆకలిచే రక్తములో చక్కెర తగ్గి మూర్ఛ వచ్చును. డిస్టెంపరు అను జబ్బు మెదడునకు ఎక్కును. ముదికుక్కకు మొదటిసారి మూర్ఛ వచ్చినచో మెదడులో కంతియో, కాలేయపు దోషమో యుండవచ్చును. గుండెజబ్బుగల కుక్క సొమ్మసిల్లి పడును. కాని అది క్షణములో లేచి మామూలుగా నడచును, అయోమయము ఉండదు. ఇవి వేరుచేయుటకే వైద్యుడు రక్తపరీక్ష కోరును. ఆయనకు అన్నిటికంటె ఉపకరించునది మాత్రము నేడు ప్రతివారి జేబులోను ఉన్నది. కుక్క పడినప్పుడు సెల్ ఫోనులో తీసిన ఒక నిమిషపు చిత్రము, యజమాని అరగంట చెప్పు కథకంటె విలువైనది.

మూర్ఛ జరుగుచుండగా ఏమి చేయవలెను? గడియారము చూడవలెను. ఇది చెప్పిన చాలమంది నవ్వుదురు. కాని రెండు నిమిషములు పదిగా తోచు సమయమది. గడియారమే నిజము చెప్పును. చుట్టునున్న బల్లలు, రాళ్లు తొలగించి, మెట్లకును బావికిని దూరముగా ఉంచవలెను. పిల్లలను అవతలికి పంపి, వెలుతురు తగ్గించి, సద్దు చేయక యుండవలెను. నోట చేయి పెట్టరాదు. కుక్క నాలుకను మ్రింగదు; మన వ్రేళ్లను మాత్రము తెలియక కొరుకును. నీళ్లుగాని మాత్రగాని పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. మనుష్యులకు మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుటయు, ఉల్లిగడ్డ వాసన చూపుటయు మన పల్లెలలో చూచుచున్నాము. ఇనుము పెట్టినను పెట్టకున్నను మూర్ఛ తన వేళకు తానే ఆగును. ఆగినప్పుడు చేతిలో ఇనుమున్నది గనుక దానికి కీర్తి దక్కినది. కుక్కకు ఉల్లిగడ్డ తినిపించుట మరింత చెరుపు, అది రక్తకణములను చెరచును. వాతలు పెట్టుట క్రూరత్వమే గాని చికిత్స కాదు.

ఒక్క మూర్ఛ, రెండు మూడు నిమిషములలో ఆగినది, సామాన్యముగా ప్రాణము తీయదు. అయిదు నిమిషములు దాటినను, ఒకదాని వెనుక తెలివి రాకయే మరియొకటి వచ్చినను, ఒక దినములో రెండు మూడు వచ్చినను అది అత్యవసరము. దేహము కాగి, మెదడు చెడును. తడిగుడ్డతో ఒళ్లు చల్లార్చుచు వైద్యునియొద్దకు కొనిపోవలెను. ఇట్లు పదేపదే వచ్చు కుక్క విషయమున, ఇంటివద్దనే ఆసనమార్గమునగాని ముక్కునగాని వేయదగిన మందును వైద్యుడు ముందుగనే ఇచ్చి, వాడు విధము నేర్పును. ఎల్లారెడ్డికైనను మెదకునకైనను అర్ధరాత్రి చేరుట సులభము కాని పల్లెలవారు దీనిని తప్పక అడిగి తీసికొనవలెను. 2017లో తెలంగాణములో 1962 అను ఫోను సంఖ్యతో ఆరంభమైన సంచార పశువైద్య వాహనములు ముఖ్యముగా పాడిపశువులకై ఏర్పడినవి. అయినను పిలిచి అడుగుటలో నష్టము లేదు.

ఇప్పుడు మాత్రల సంగతి. ఒక్క మూర్ఛకే మందు మొదలుపెట్టరు. ఆరు నెలలలో రెండు వచ్చినను, వరుసగా వచ్చినను, వచ్చినది దీర్ఘమైనను మొదలుపెట్టుదురు. కుక్కలకు అన్నిటికంటె ఎక్కువగా వాడబడునది ఫినోబార్బిటోను. నిద్రమందుగా ఇచ్చుచుండగా ఇది మూర్ఛలను తగ్గించుచున్నదని 1912లో జర్మను వైద్యుడు ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ గమనించెను. నూరేండ్లు దాటినను దీని స్థానము చెక్కుచెదరలేదు. కిలో బరువునకు రెండు మూడు మిల్లీగ్రాముల చొప్పున, పండ్రెండేసి గంటలకు ఒకసారి ఇత్తురు. అనగా ఇరువది కిలోల కుక్కకు పూటకు నలువది మొదలు అరువది మిల్లీగ్రాములు. మందుల దుకాణమువాడు దీనిని చూచి, మనుష్యునకే ఇంత ఇయ్యరే యని సందేహించి తగ్గింపుమని సలహా చెప్పవచ్చును. కుక్క కాలేయము ఈ మందును మనకంటె త్వరగా కరగించును. సలహా సదుద్దేశముతో చెప్పినదే యైనను పాటింపరాదు. ఇట్లే మనుష్యులకు పనికివచ్చు ఫినిటోయిను కుక్క దేహములో కొన్ని గంటలైన నిలువదు. కావున ఇంటిలో ఎవరికో వాడగా మిగిలిన మూర్ఛమాత్రలు కుక్కకు వేయుట వ్యర్థము, ఒక్కొక్కప్పుడు అపాయము.

మొదటి రెండు వారములు కుక్క కల్లు త్రాగినవానివలె తూలును, ఎక్కువ నిదురించును. చాలమంది యజమానులు ఇచ్చటనే బెదరి మానివేయుదురు. ఓపిక పట్టిన ఆ తూలుట చాలవరకు పోవును. దప్పిక, ఆకలి, మూత్రము మాత్రము హెచ్చుగనే యుండును. అడిగినప్పుడెల్ల పెట్టిన కుక్క బలిసిపోవును. నీటిని మాత్రము ఎన్నడును తగ్గింపరాదు. రెండు వారములకు రక్తములో మందు నిలకడకు వచ్చును. అప్పుడొకసారియు, ఆపైన ఆరేసి నెలలకును రక్తములో మందు ప్రమాణమును, కాలేయమును పరీక్షింపవలెను. మందు ప్రమాణమును మనుష్యుల రక్తపరీక్షాశాలలలో కూడ కొలువవచ్చును. కన్నులు పచ్చబడినను, తిండి మానినను, వాంతులైనను పరీక్షకు తరుణము వచ్చువరకు ఆగరాదు.

ఒక్క మందు చాలనప్పుడు పొటాసియము బ్రోమైడును చేర్తురు. దీనితో ఒక చిక్కున్నది: తిండిలోని ఉప్పు. ఉప్పు హెచ్చిన మూత్రముతో మందు కొట్టుకొనిపోవును. తగ్గిన మందు దేహములో పేరుకొనును. వారమంతయు చప్పిడి అన్నము తిని, ఆదివారము మిగిలిన మాంసపు పులుసు తిను పల్లె కుక్కకు ఇది చిన్న విషయము కాదు. లెవిటిరాసిటము అను మరియొక మందు కాలేయమునకు భారము కాదు గాని, దినమునకు మూడు పర్యాయములు వేయవలెను. పొలము పనిలోనున్నవారికి అది కష్టము. పిడుదులకు ఇచ్చు ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ వంటి మాత్రల వలన కొన్ని కుక్కలకు మూర్ఛలు రావచ్చునని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. పిడుదుల మందు అడుగునప్పుడు కుక్కకు మూర్ఛ యున్నదని చెప్పుట మరువరాదు.

రెండవ ప్రశ్నకు వత్తము. ఆరు నెలలుగా మూర్ఛ లేదు, మానవచ్చునా? మానరాదు. మూర్ఛ రాకుండుట జబ్బు పోయినందున కాదు, మాత్ర పనిచేయుచున్నందున. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. మెదడు ఈ మందునకు అలవాటుపడి యుండును. దానిని హఠాత్తుగా తీసివేసిన, పూర్వపు మూర్ఛలకంటె తీవ్రమైనవి, ఆగక వచ్చునవి, విరుచుకొని పడును. మందు లేనప్పుడు రెండు నిమిషములలో లేచిన కుక్క, మందు మానినప్పుడు లేవకపోవచ్చును. ఒకటి రెండేండ్లు మూర్ఛ లేకున్నచో వైద్యుడు నెలకు అయిదవవంతునకు మించకుండ మెల్లమెల్లగా తగ్గించి చూడవచ్చును. అప్పుడును కొన్నిటికి జబ్బు తిరిగి వచ్చును. మరల అదుపులోనికి వచ్చునని పూచీ లేదు. పెక్కు కుక్కలు జీవితాంతము మాత్ర తినుచునే పొలము కావలి కాయుచున్నవి.

ఒక పూట మరచిన, జ్ఞప్తికి వచ్చిన వెంటనే వేయవలెను. తరువాతి వేళ దగ్గరపడి యుండిన ఆ ఒక్క మోతాదే చాలును, రెండు కలిపి వేయరాదు. జొన్నరొట్టె ముక్కలో పెట్టి ఇచ్చువారు, మ్రింగినదో మూలకు ఉమిసినదో చూడవలెను. కావలికి పోవు కుక్కకు ఉదయము ఆరింటికిని, బయలుదేరుటకు ముందు సాయంకాలము ఆరింటికిని వేయుట వీలుగా నుండును. గోడమీది క్యాలెండరులో వేసిన పూటకు ఒక గీటు, మూర్ఛ వచ్చిన దినమున ఎన్ని నిమిషములో అంకె వ్రాసియుంచిన, వైద్యుడు దానిని చూచియే మోతాదు హెచ్చింపవలెనా తగ్గింపవలెనా నిర్ణయించును.

ఈ మాత్రలు నియంత్రణలోనున్నవి. వైద్యుని చీటీ లేనిదే అమ్మరు, చిన్న ఊళ్ల దుకాణములలో ఎల్లప్పుడును ఉండవు. కావున ఆ శ్రోతకు మేము వ్రాసిన జాబులో చివరి వాక్యమిది: డబ్బాలో పది దినముల మాత్రలు మిగిలియుండగనే చీటీ తీసికొని బయలుదేరుడు, దసరాకు ముందు మరికొంత త్వరపడుడు.