వడ్డీ యెక్కడ పుడుతుంది?

దొంగతనాలు రెండు విధాలు. రాత్రివేళ గోడకు కన్నం వేసి చేసేది ఒకటి. పట్టపగలు వీధి తలుపు తట్టి, కుశలమడిగి, మన చేతితోనే మన డబ్బు తీయించి, దానికి రశీదు కూడా ఇచ్చి చేసేది రెండవది. మొదటిదానికి భయపడి మనం తాళాలు కొనుక్కున్నాము. రెండవదానికి తాళమంటూ లేదు. ఇటు మార్కండి సముద్రపు వొడ్డున వలలు ఎండబెట్టుకొనే ఇళ్ళు మొదలు అటు బరంపురం వీధుల దాకా, గంజాం సీమలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల వారు ఈ రెండవ విధం దొంగతనం గురించి కొంచెం నిదానంగా తెలుసుకోవడం మంచిది.

ఈ విద్య కొత్తది కాదు. అమెరికాలోని బోస్టను నగరంలో 1920లో చార్లెస్ పోంజీ అనే ఇటలీ దేశస్థుడు, తనకు డబ్బిస్తే 45 రోజులలో నూటికి యాభై లాభం ఇస్తానని చాటాడు. లాభం యెలా వస్తుందో కూడా వివరించాడు. ఒక దేశంలో కొన్న తపాలా కూపనును మరొక దేశంలో స్టాంపులకు మార్చుకొనే ఏర్పాటు వుండేది. ఇటలీ డబ్బు విలువ పడిపోయింది గనుక అక్కడ చౌకగా కొని అమెరికాలో మార్చితే లాభమని అతడి మాట. వినడానికి సబబుగానే వుంది. జనం బారులు తీరి డబ్బు పోశారు. చివరకు ఒక పత్రిక వారు లెక్క తీశారు. అతడు చెప్పిన వ్యాపారానికి 16 కోట్ల కూపన్లు కావాలి. ప్రపంచంలో చలామణిలో వున్నవి సుమారు 27 వేలు! ముందు వచ్చిన వారికి అతడిచ్చిన లాభం వెనుక వచ్చిన వారి అసలే. ఆ ఆగస్టులోనే అంతా కూలిపోయింది. పోంజీ జైలుకు వెళ్ళాడు. 1949లో బ్రెజిల్‌లో ఒక ధర్మాసుపత్రిలో దిక్కులేకుండా కన్నుమూశాడు. అంతకు ముందు కూడా ఈ మోసం చేసినవారు లేకపోలేదు గాని, పేరు మాత్రం అతడికే దక్కింది.

ఇందులోని కిటుకు చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒకడు పదిమంది వద్ద తలా వెయ్యి తీసుకొని, యేడాదికి రెట్టింపు ఇస్తానన్నాడనుకుందాం. వ్యాపారం యేమీ లేదు. యేడాది తిరిగేసరికి ఆ పదిమందికీ ఇవ్వడానికి ఇరవైమంది కొత్తవారు కావాలి. మరుసటి యేడు నలభైమంది. పది సంవత్సరాలకు 10,240 మంది. ఇరవై సంవత్సరాలకు కోటీ నాలుగు లక్షల ఎనభై అయిదు వేల మంది! ఊరిలో మనుషులు అయిపోయిన నాడు ఈ బండి ఆగక తప్పదు. ఆగిన నాడు వెనుక కూర్చున్నవారంతా కింద పడవలసిందే. బాగా గమనించవలసిందేమంటే, మొదట చేరినవారికి డబ్బు నిజంగానే వస్తుంది. వారు అబద్ధమాడరు. "నాకు వచ్చింది, నీకూ వస్తుంది" అని నిజమే చెబుతారు. ఆ నిజమే తక్కినవారికి ఎర.

బోస్టను మనకు దూరం గాని, ఇటువంటిదే మన తెలుగువారి నడుమ కూడా జరిగింది. విజయవాడ కేంద్రంగా 1995లో అవ్వా వెంకట రామారావు గారు ప్రారంభించిన అగ్రిగోల్డ్ సంస్థ పేరు వినని తెలుగువారు అరుదు. వాయిదాల మీద గాని, ఒకేసారి గాని డబ్బు కడితే గడువు తీరాక ఇంటి స్థలమో, లేదా మంచి వృద్ధితో డబ్బో ఇస్తామని వారి మాట. "భూమి వుంది గదా, భూమి యెక్కడికి పోతుంది" అని జనం నమ్మారు. విజయవాడకూ గుంటూరుకూ నడుమ చినకాకాని దగ్గర హాయ్‌ల్యాండ్ అనే విహార స్థలం కూడా ఆ సంస్థదే. కళ్ళెదుట అంత వైభవం కనబడుతుంటే అనుమానించేదెవరు?

దర్యాప్తు జరిపిన ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ వారు చెప్పిన సంగతులు వేరు. ప్రజల నుంచి ఇలా డిపాజిట్లు పోగుచేయరాదు, తిరిగి ఇచ్చివేయమని సెబీ ఆదేశించిన మీదట కూడా, నూటికి పైగా కంపెనీలు పెట్టి, కమిషను ఏజంట్ల ద్వారా వసూళ్ళు సాగించారని వారి అభియోగం. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడులతో పాటు మన ఒడిశాలో కూడా వసూళ్ళు జరిగాయి. మొత్తం సుమారు 32 లక్షల ఖాతాలు. సొమ్ము 6,380 కోట్లు. రామారావు గారిని ఆంధ్ర సి.ఐ.డి. పోలీసులు 2016 ఫిబ్రవరిలో అరెస్టు చేశారు. 2020 డిసెంబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ వారు అరెస్టు చేసి, 4,109 కోట్ల ఆస్తులను జప్తు చేశారు. నేరం యెవరిది, యెంత అన్నది తేల్చవలసింది న్యాయస్థానం. కాని ప్రజల డబ్బు చిక్కుబడిపోయిందన్న దానికి తీర్పు అక్కరలేదు.

ఈ అంకెలను మరొకసారి చూడండి. 6,380 కోట్లను 32 లక్షల ఖాతాలకు పంచితే ఖాతాకు ఇరవై వేలు కూడా నిండదు. ఆంధ్ర ప్రభుత్వం 2019లోను 2021లోను చిన్న డిపాజిట్టుదారులకు సాయంగా సుమారు 905 కోట్లు, పది లక్షల నలభై వేల మందికి ఇచ్చింది. సగటున మనిషికి తొమ్మిది వేల లోపు. అదీ కంపెనీ ఇచ్చింది కాదు, ప్రజల ఖజానాలోనిది. ఈ జరిగినదాన్ని "దురాశ దుఃఖానికి చేటు" అని ఒక్క సామెతతో తోసిపుచ్చేవారు ఈ అంకెలు చూడాలి. తొమ్మిది వేలు, ఇరవై వేలు దాచుకున్నవారిది దురాశ కాదు. అది అమ్మాయి పెళ్ళికి దాచినది, ముసలితనానికి దాచినది. దురాశ పైనున్న వారిది. పొదుపు కిందనున్న వారిది. ఒకరి పొదుపును మరొకరి దురాశ మింగింది.

మన ఒడిశా సంగతి కూడా ఇటువంటిదే. 2013లో వంగదేశంలో శారదా సంస్థ కూలిన తరువాత ఇక్కడి సంస్థల గుట్టు కూడా బయటపడింది. అర్థతత్త్వ, సీషోర్ వంటి పేర్లు అప్పట్లో పత్రికలలో మారుమోగినవి. 2014 మే 9వ తేదీన సుప్రీంకోర్టు ఒడిశాలోని 44 సంస్థల మీది కేసులను సి.బి.ఐ.కి అప్పగించింది. చిన్న మదుపరుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 300 కోట్ల నిధిని ప్రకటించింది. గంజాం నుంచి సూరతు మగ్గాలకు వెళ్ళిన బిడ్డలు చెమటోడ్చి పంపే డబ్బుతో బతికే ఇళ్ళు మన చుట్టూ యెన్నో గదా. అటువంటి ఇంటికి వెయ్యి రూపాయలు పోవడమంటే యేమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ వ్యవహారాన్ని అందరూ "చిట్‌ఫండ్ మోసం" అన్నారు గాని, ఆ మాట సరైనది కాదు. మన అమ్మలూ అమ్మమ్మలూ వేసిన చీటీకి దీనికి పోలిక లేదు. ఇరవైమంది నెలకు అయిదువందల చొప్పున వేస్తే పదివేలు. ఆ నెల అవసరమున్నవారు తగ్గించి పాడుకుంటారు. ఆ తగ్గింపు తక్కినవారు పంచుకుంటారు. లాభం యెక్కడిది అంటే, పాడుకున్న ఆవిడ వదులుకున్నది. ఎవరు ఇచ్చారో, ఎవరికి వచ్చిందో కళ్ళకు కనబడుతుంది. 1982 చట్టం ప్రకారం రిజిస్టరైన చీటీలకు అధికారుల అజమాయిషీ వుంటుంది. వసూలు చేసిన సొమ్ము యెక్కడ పెట్టారో చెప్పని కంపెనీకి చీటీ అనే పేరు తగదు.

చదువుకున్నవారు మోసపోరనుకోవడం కూడా పొరపాటే. 2008లో బయటపడిన అమెరికా వాసి బెర్నార్డ్ మేడాఫ్ వద్ద పెట్టుబడి పెట్టినవారు ధనవంతులు, సంస్థలు. అతడు రెట్టింపు ఆశ చూపలేదు. యేటా తడబడకుండా వచ్చే నిలకడైన లాభం చూపాడు. కాగితాల మీద వున్నదని చెప్పిన 6,500 కోట్ల డాలర్లు చివరకు కాగితాల మీదనే మిగిలినవి. అతడికి 2009లో 150 సంవత్సరాల శిక్ష పడింది. కనుక వడ్డీ రేటు ఎక్కువా తక్కువా అని చూస్తే చాలదు. ఆ వడ్డీ యెక్కడ పుడుతున్నదని అడగాలి. ఏ పొలం పండితే, ఏ సరుకు అమ్ముడైతే, ఎవరు అప్పు తీరిస్తే ఈ డబ్బు వస్తుంది? దీనికి జవాబు "కొత్తవారు చేరితే" అని తేలితే అక్కడే లేచి రావాలి.

ఇంటికి పనికివచ్చే మాటలు నాలుగు చెప్పి ముగిస్తాను. బ్యాంకులో దాచిన డబ్బుకు, ఆ బ్యాంకు మునిగినా, మనిషికి 5 లక్షల వరకు బీమా వున్నది. 2020కి ముందు అది లక్ష మాత్రమే. తపాలా కార్యాలయంలో దాచినదానికి సర్కారు పూచీ. వీటికి బయట ఎవరు డబ్బు అడిగినా, ఎవరి వద్ద రిజిస్టరైనారో కాగితం చూపమనండి. అనుమానం వస్తే రిజర్వు బ్యాంకు వారి "సచేత్" ద్వారా విచారించవచ్చు, ఫిర్యాదు కూడా చేయవచ్చు. ఇదివరకే కట్టి నష్టపోయినవారు బాండ్లు, రశీదులు పారవేయకండి. పరిహారం వచ్చే నాడు వాటినే అడుగుతారు. 2025 ఫిబ్రవరిలో అగ్రిగోల్డ్ జప్తు ఆస్తులలో 3,339 కోట్ల విలువైనవి బాధితుల కోసం విడుదలైనవి గనుక, ఆశ పూర్తిగా వదులుకోవలసిన పని లేదు.

నాలుగవ మాట కష్టమైనది. ఈ వసూళ్ళకు వచ్చేవాడు పరాయివాడు కాడు. మన బావగారో, మేనల్లుడో, పక్కింటి కుర్రవాడో, పిల్లల మాష్టారో అయివుంటాడు. అతడు కూడా నమ్మే వస్తాడు. తన డబ్బు కూడా అందులోనే పోసి వుంటాడు. కంపెనీ మూతపడ్డాక జనం నిలదీసింది కంపెనీ యజమానిని కాదు, ఇటువంటి వారినే. అగ్రిగోల్డ్ వ్యవహారంలో ఏజంట్లు, డిపాజిట్టుదారులు కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం అనుమతి లేని డిపాజిట్లు పోగుచేయడమే నేరం; అందులో చేరమని జనాన్ని ప్రేరేపించినా నేరమే. కాబట్టి మన కుర్రవాడు కమిషను ఆశతో సంచీ తగిలించుకొని బయలుదేరే ముందే కూర్చోబెట్టి, "నాయనా, ఈ వడ్డీ యెక్కడ పుడుతుంది?" అని అడగండి. అతడు చెప్పలేకపోతే కంపెనీ వారిని అడిగి రమ్మనండి. అక్కడా జవాబు దొరకకపోతే సంచీ దింపించండి. ఆ పూట ఇంట్లో కొంచెం అలక వుంటే వుంటుంది. పది ఇళ్ళ పొదుపు మిగులుతుంది, అతడు ఆ పది ఇళ్ళకూ తలెత్తుకొని వెళ్ళగలుగుతాడు.