లోయలో రైలు, కొండమీద ఊరు

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ కౌంటీలో, మానిఫోల్డ్ నది లోయలో థార్స్ కేవ్ అనే చిన్న స్టేషన్ ఉండేది. 1904 జూన్‌లో తెరిచారు, 1934 మార్చిలో మూసేశారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. దాన్ని ఎక్కడ కట్టారో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది.

వాటర్‌హౌసెస్ నుంచి హల్మ్ ఎండ్ దాకా వేసిన 13 కిలోమీటర్ల నేరోగేజి లైను అది. పల్లెలకు చౌకగా రైలు తేవాలని 1896లో చేసిన లైట్ రైల్వేల చట్టం పుణ్యమా అని వచ్చింది. చౌకగా కావాలంటే కొండలు తొలిచే పని వీలైనంత తగ్గించుకుని, ఏటి వెంబడే పోవాలి. అలా పట్టాలు లోయ అడుగున పడ్డాయి. ఊళ్లేమో పైన ఉన్నాయి. వెట్టన్ గ్రామస్థులు రైలెక్కాలంటే కొండ దిగాలి, సంత సామానుతో మళ్లీ ఎక్కాలి. స్టేషన్‌కు పెట్టిన పేరు కూడా ఊరిది కాదు, లోయకు 80 మీటర్ల ఎత్తున నోరు తెరుచుకుని ఉండే గుహది! సెలవు రోజుల్లో పట్నం జనం దాన్ని చూడ్డానికి దిగేవారు. ఏడాది పొడవునా రైలు నడవడానికి ఆ జనం సరిపోరు.

లైనును నిజంగా పోషించింది పాలు. ఎక్టన్‌లోని పాలకేంద్రం నుంచి లండన్‌కు పాలు వెళ్లేవి. గేజి మారేచోట సరుకు దించి ఎక్కించే బాధ లేకుండా, పెద్ద గేజి వ్యాగన్‌నే చిన్న గేజి బండి మీదికి ఎక్కించి లాక్కుపోయేవారు. ఈ ఏర్పాటు వెనక ఉన్న ఇంజనీరు ఎవరార్డ్ కాల్త్రాప్. అంతకుముందు మహారాష్ట్రలో బార్శీ లైట్ రైల్వే వేయించింది ఆయనే. ఇక్కడి ఇంజన్లలోనూ ఆ బార్శీ పోలికలు కనిపించేవి.

మొదటి ప్రపంచయుద్ధం తరవాత బస్సులు, లారీలు వచ్చాయి. అవి కొండెక్కి ఊళ్లోకే వెళ్లగలవు. ఇక స్టేషన్ దాకా దిగేదెవరు? 1932లో పాలకేంద్రం మూతపడ్డాక రెండేళ్లకే లైను ఆగిపోయింది. పట్టాలు పీకేసిన దారిని కౌంటీ కౌన్సిల్ 1937లో కాలిబాటగా మార్చింది.

గేజి చిన్నది కావడమే కారణమని కొందరంటారు. నాకు ఆ మాట నమ్మబుద్ధి కాదు. బార్శీదీ అదే గేజి, అదే ఇంజనీరు. కానీ అది కుర్డువాడి జంక్షన్‌ను సరుకున్న ఊళ్లతో కలిపింది, లాతూరు బజారు దాకా వెళ్లింది. దాన్ని బ్రాడ్‌గేజికి మార్చి ఈనాటికీ నడుపుతున్నారు.