విజ్ఞాన యాత్రకు పిల్లల సంచి

మా పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు నన్ను అడిగాడు: "సార్, ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, బడిలో తెలుగు చదువుతాం. ఇంతకీ మనది ఏది?" రెండూ మనవేనని చెప్పాను. తలూపాడు గానీ నమ్మినట్లు కనిపించలేదు. ఆ ప్రశ్నకు జవాబు గోల్కొండలో ఉంది. పిల్లల్ని హైదరాబాదుకు విజ్ఞాన యాత్ర తీసుకెళ్లాలన్న ఆలోచన అలా పుట్టింది.

ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్లపాటు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. 1550లో గోల్కొండ గద్దెనెక్కాక తెలుగు కవులను ఆదరించాడు. వారు ఆయనను 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో తొలి కావ్యంగా పేరొందిన పొన్నగంటి తెలగన్న 'యయాతి చరిత్ర' ఆ రాజ్యంలోని అమీన్‌ఖాన్‌కు అంకితమైంది. ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ 1591లో చార్మినార్ కట్టించాడు. ఆయన దక్కనీ ఉర్దూలో గొప్ప కవి. తెలుగును పోషించిన తండ్రి, దక్కనీలో రాసిన కొడుకు, ఇద్దరి సమాధులూ గోల్కొండ దగ్గర ఒకే ఆవరణలో ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలతో అయిపోయే సంగతి అక్కడ కళ్లెదుట నిలబడుతుంది.

అయితే మొదటి ఏడాది పొరపాటు చేశాం. తలకు ఇంత అని రుసుము పెట్టి, గడువు తేదీ నోటీసు బోర్డులో అంటించాం. ఆ ప్రశ్న వేసిన పిల్లవాడే రాలేదు. జ్వరమన్నాడు. తరువాత తెలిసింది, జ్వరం కాదు. వాళ్లమ్మ కుట్టుపని మీద ఇల్లు నడుస్తోంది. అడగడానికి వాడికి నోరు రాలేదు. ఆ తప్పు వాడిది కాదు, మాది.

మరుసటి ఏడాది రుసుము తీసేశాం. అందరికీ ఒకటే సంచి. పిల్లలు ఇంటింటా పాత పేపర్లు సేకరించి కాటా వేయించారు. చాంద్ రాత్ నాడు ఆడపిల్లలు గోరింటాకు పెట్టారు. మగపిల్లలు ఈద్ కార్డులు రాసి అమ్మారు. వార్షికోత్సవంలో సమోసాలు, షర్బత్ దుకాణం నడిపారు. ఎవరి పని ద్వారా ఎంత వచ్చిందో రాయలేదు. మొత్తం ఎంత వచ్చిందో, దేనికి ఎంత ఖర్చయిందో మాత్రం ఇద్దరు పిల్లలు పుస్తకంలో రాసి ప్రతి శనివారం ప్రార్థన సమావేశంలో చదివేవారు. ఇతరుల సొమ్ము మన చేతిలో అమానత్ అని ఎన్ని పాఠాలు చెప్పినా ఇంత బాగా తలకెక్కదు. బస్సు కిరాయికి తక్కువపడిన మొత్తాన్ని దాతలు పూర్తి చేశారు.

ఇక్కడ దాతలు గమనించవలసిన విషయం ఒకటుంది. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ సూరా తౌబా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలుగా చెప్పింది. యాత్రకు వచ్చే పిల్లల్లో ఉన్నవారూ ఉంటారు, లేనివారూ ఉంటారు. కనుక ఈ సంచిలో జకాత్ సొమ్ము కలపకూడదని నియమం పెట్టుకున్నాం. ఇచ్చేవారు నఫిల్ సదఖాగానో, కానుకగానో ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఆ మాట స్పష్టంగా చెప్పాలి, తీసుకునేవారు అలాగే రాసుకోవాలి.

ఏ పాఠశాలవారైనా యాత్ర కోసం మీ గడప తొక్కితే మూడు ప్రశ్నలు అడగండి. డబ్బు లేదని ఏ బిడ్డనైనా వదిలేస్తున్నారా? పిల్లలు తమ వంతు కష్టపడ్డారా? తిరిగొచ్చాక లెక్క చూపిస్తారా? మూడింటికీ సరైన జవాబు వస్తే సంకోచించకుండా ఇవ్వండి.

తొమ్మిదో తరగతిలో ఆ పిల్లవాడు మాతో వచ్చాడు. గోల్కొండ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టాడు. పైన బాలాహిసార్‌లో ఉన్న తోటిపిల్లలు విన్నామని చేతులూపారు. మధ్యాహ్నం ఇబ్రహీం సమాధి ముందు చాలాసేపు నిలబడి, నోటుపుస్తకంలో 'మల్కిభరాముడు' అని తెలుగులో రాసి, దాని కిందే ఉర్దూ లిపిలో ఇబ్రహీం పేరు రాసుకున్నాడు. మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

ఇలాంటి పిల్లల కోసం ఖర్చు పెట్టిన ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.