ఒంటి కోత విద్యుత్ గిటారు

ఒంటి కోత విద్యుత్ గిటారు అనగా మెడ వచ్చి దేహాన్ని కలిసే చోట, ఒక్క కింది వైపున మాత్రమే కోత కలిగిన విద్యుత్ గిటారు. ఆంగ్లంలో దీనిని సింగిల్ కట్ అంటారు. వాదకుని ఎడమచేయి దేహానికి దగ్గరగా ఉన్న చివరి మెట్లను అందుకోవడానికి ఈ కోత ఉపయోగపడుతుంది. రెండు వైపులా కోత ఉన్న గిటార్లను డబుల్ కట్ అంటారు. ఒంటి కోత గిటార్లలో గిబ్సన్ వారి లెస్ పాల్, ఫెండర్ వారి టెలికాస్టర్ సుప్రసిద్ధమైనవి. చవకగా దొరికే ఒంటి కోత గిటార్లలో అత్యధికం ఈ రెండింటిలో ఏదో ఒకదాని అనుకరణలే.

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో చర్చి గాయక బృందాలలోను, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలలోను, ఇళ్ళలోను గిటారు నేర్చుకునేవారు ఇటువంటి చవక గిటార్లతోనే మొదలుపెడతారు. నాలుగైదు గిటార్లను పక్కపక్కన పెట్టి వాయించి చూసి ఎంచుకోవాలంటే ఈ పట్టణాలవారు నగరానికి వెళ్ళవలసి ఉంటుంది, లేదా అంతర్జాలంలో కొని పార్సెలు ద్వారా తెప్పించుకోవాలి. ఈ కారణంగా వీరికి గిటారు ధర ఎంత ముఖ్యమో, అది దారిలో విరగకుండా రావడం, వచ్చాక ఇంటివద్దనే సరిచేసుకోగలగడం అంతే ముఖ్యం.

చరిత్ర

ఫెండర్ సంస్థ 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో విడుదల చేసిన గిటారుకు 1951లో టెలికాస్టర్ అని పేరు మార్చింది. దానికి పోటీగా గిబ్సన్ సంస్థ 1952లో, అమెరికన్ వాదకుడు లెస్ పాల్ (1915 - 2009) పేరు మీద తన తొలి గట్టి దేహపు గిటారును తెచ్చింది. 1957లో సేత్ లవర్ రూపొందించిన హంబకర్ పికప్పులు దీనికి చేరాయి. అయితే అప్పట్లో అమ్మకాలు తగ్గడంతో గిబ్సన్ 1961 నమూనాకు రెండు కోతలు పెట్టింది. పాత ఒంటి కోత గిటార్లను 1960లలో ఎరిక్ క్లాప్టన్ వంటి బ్రిటిష్ వాదకులు వెదికి కొని వాయించడంతో వాటికి గిరాకీ పెరిగి, 1968లో తయారీ తిరిగి మొదలైంది. మొదట అమ్ముడుపోక ఆపివేసిన ఆకారమే తరువాత అందరూ అనుకరించే ఆకారం కావడం విశేషం.

1970లలో జపాను తయారీదారులు ఈ ఆకారాన్ని విరివిగా అనుకరించారు. గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్ 1977లో, ఐబానెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ సంస్థపై గిటారు తల ఆకారం విషయమై దావా వేసింది. పీఆర్ఎస్ సంస్థ 2000లో విడుదల చేసిన సింగిల్‌కట్ అనే గిటారుపై గిబ్సన్ వేసిన మరొక దావాలో, కింది కోర్టు 2004లో ఇచ్చిన నిషేధాన్ని అప్పీలు కోర్టు 2005లో కొట్టివేసింది. గిబ్సన్ 1957లో కొన్న ఎపిఫోన్ సంస్థ క్రమంగా లెస్ పాల్ యొక్క అధికారిక చవక రూపాలకు నిలయమైంది. టెలికాస్టర్‌కు ఫెండర్ వారి స్క్వయర్ అటువంటిదే.

నిర్మాణము, ధరలో తేడా

అమెరికాలో తయారైన లెస్ పాల్ స్టాండర్డ్ గిటారు భారతదేశంలో రెండు లక్షల రూపాయలకు పైబడే ఉంటుంది. చవక రకాలు సుమారు పదివేల నుండి పాతికవేల వరకు ఉంటాయి. ఎపిఫోన్ లెస్ పాల్ స్పెషల్, కోర్ట్ సంస్థ సీఆర్ వరుస, స్క్వయర్ టెలికాస్టర్లు ఈ కోవలో పేరున్నవి. వీటి ధర తగ్గడానికి ప్రధాన కారణాలు ఆసియా దేశాలలో తయారీ, చవక కలప, చవక విద్యుత్ భాగాలు, మెట్ల అంచులను అరగదీసే చేతిపని తగ్గించడం. ఈ నాలుగింటిలో వాదకుని చేతికి వెంటనే తెలిసేది చివరిదే.

మెడను దేహానికి బిగించే పద్ధతి రెండు విధాలు. ఖరీదైన లెస్ పాల్ గిటార్లలో మెడను జిగురుతో అతికిస్తారు. టెలికాస్టర్లలోను, చవక లెస్ పాల్ రకాలు అనేకంలోను నాలుగు మరలతో బిగిస్తారు. జిగురు మెడ వలన నాదం ఎక్కువసేపు నిలుస్తుందని అభిమానులు చెబుతారు. కాని బాగుచేసేవారు దగ్గరలో లేనిచోట మరల మెడయే మేలు. కోణం తేడా వస్తే విప్పి, సన్నని రేకు పెట్టి సరిచేయవచ్చు, అవసరమైతే మెడనే మార్చవచ్చు.

శ్రుతి పొడవు, అనగా తీగ యొక్క మోగే భాగం, లెస్ పాల్ రకంలో 24.75 అంగుళాలు, టెలికాస్టర్‌లో 25.5 అంగుళాలు. పొడవు తక్కువైతే అదే శ్రుతికి తీగ కొంత వదులుగా ఉంటుంది. తీగను పక్కకు లాగి గమకం పలికించదలచిన వారికి ఇది సులువు.

తల విరగడం

లెస్ పాల్ రకం గిటార్ల అతి పెద్ద బలహీనత తల వద్ద ఉంది. వీటి తల వెనుకకు వంగి ఉంటుంది. గిబ్సన్ గిటార్లలో ఈ వంపు కాలాన్ని బట్టి 14 లేక 17 డిగ్రీలు. మెడ, తల ఒకే కలప ముక్కతో చెక్కినప్పుడు ఈ వంపు దగ్గర కలప నారలు అడ్డంగా తెగుతాయి. పైగా మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ మర కోసం సరిగ్గా అక్కడే కలపను తొలుస్తారు. కనుక గిటారు వెనుకకు పడినా, పెట్టెలో తల ఆధారం లేకుండా ఊగినా, నట్ వెనుక భాగంలో విరుగుతుంది. టెలికాస్టర్ తలకు వంపు లేదు, ఈ ప్రమాదం చాలా తక్కువ. పార్సెలులో తెప్పించుకునేవారికి ఈ ఒక్క తేడా మిగిలిన అన్నింటికంటె పెద్దది.

లెస్ పాల్ రకమే కావాలనుకునేవారు తీగలు కొంత వదులు చేసి, మెడ కిందను, తల ఇరువైపులా మెత్తని ఆధారం పెట్టి పంపమని అమ్మకందారును ముందుగానే కోరవచ్చు. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసి ఉంచుకోవడం, తల వెనుక భాగాన్ని వెలుతురులో పట్టి వెంట్రుకవంటి పగులు ఉన్నదేమో చూడడం మంచిది. పాత గిటార్లు కొనేవారు కూడా మొట్టమొదట చూడవలసిన చోటు ఇదే. రంగు కింద అతుకు దాగి ఉండవచ్చు. నారల వెంబడి విరిగిన తలను మంచి వడ్రంగి కలప జిగురుతో, బిగింపులతో గట్టిగానే అతకగలడు, అయితే గిటారు విలువ మాత్రం సగం వరకు పడిపోవచ్చు.

కొనేటప్పుడు పరీక్షించవలసినవి

వీణలో మెట్లను మైనం మీద నిలుపుతారు కాబట్టి స్వరస్థానం తప్పితే మెట్టును జరపవచ్చు. గిటారులో మెట్లు కలపలో దిగగొట్టి ఉంటాయి, గుర్రాన్ని మాత్రమే జరపగలము. అందుచేత మెట్ల పని చెడిన గిటారును ఇంట బాగుచేయడం కష్టం. ప్రతి తీగను ప్రతి మెట్టు వద్ద నొక్కి మీటి, గరగర శబ్దము గాని, స్వరం చచ్చిపోవడము గాని ఉన్నదేమో వినాలి. పై మెట్లలో తీగను లాగినప్పుడు నాదం ఆగిపోతే మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నట్లు.

తరువాత 12వ మెట్టు. ఇది తీగకు సరిగ్గా సగం దగ్గర ఉంటుంది. అక్కడ తీగను తాకీ తాకనట్లు ముట్టి మీటిన స్వరము, నొక్కి మీటిన స్వరము ఒకటే కావాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే గుర్రంపై ఆ తీగ మోపును వెనుకకు, తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి. ఇది స్క్రూడ్రైవరుతో అయ్యే పని, దీనికోసం గిటారును తిరస్కరించనవసరం లేదు. 12వ మెట్టు వద్ద లావు తీగ ఎత్తు సుమారు 2 మి.మీ., సన్న తీగ ఎత్తు 1.5 మి.మీ. ఉంటే వేళ్ళకు నొప్పి ఉండదు.

నల్లగొండ ప్రాంతపు ఎండలకు మరొక పరీక్ష అవసరం. ఏప్రిల్, మే నెలల పొడి వేడిలో మెడ కలప కుంచించుకుపోగా మెట్ల కొనలు అంచు దాటి బయటకు వచ్చి చేతిని గీరుతాయి. కొత్త గిటారు మెడ అంచున అరచేతిని నిమిరి చూస్తే పనితనం తెలుస్తుంది. గిటారును ఎండలో నిలిపిన కారులోనో, రేకుల గదిలోనో ఉంచరాదు.

బిరడలు వదులుగా లేకుండా, తిప్పినంత మేరకే శ్రుతి మారాలి. వీటిని, పికప్పులను, స్విచ్చులను తరువాత మార్చుకోవచ్చు కనుక వాటి లోపాలను క్షమించవచ్చు. మెడ లోపాన్ని క్షమించరాదు.

నకిలీలు

చాలా తక్కువ ధరకు గిబ్సన్ అని తలపై రాసి ఉన్న గిటారు కనిపిస్తే అది నకిలీ అనుకోవడమే క్షేమం. గిబ్సన్ గిటార్లలో ట్రస్ రాడ్ మూతకు రెండు మరలు ఉంటాయి, నకిలీలలో తరచు మూడు ఉంటాయి. అదే ధరకు తన సొంత పేరుతో అమ్ముడయ్యే గిటారు సాధారణంగా మెరుగైనది, తిరిగి అమ్మేటప్పుడు తగవు కూడా ఉండదు.

పన్ను

2017 జూలైలో వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు గిటారువంటి వాద్యాలపై 28 శాతం పన్ను విధించి, అదే సంవత్సరం నవంబరులో 18 శాతానికి తగ్గించారు. వీణ, మృదంగం వంటి చేతితో చేసిన దేశీయ వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు.

ఎక్కడ కొంటారు

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నాయి. సూర్యాపేటకు హైదరాబాదు సుమారు 135 కి.మీ. దూరం. కోదాడ నుండి విజయవాడ 100 కి.మీ. లోపే కనుక అక్కడివారికి అటు వెళ్ళడమే దగ్గర. మిర్యాలగూడ సికింద్రాబాదు - గుంటూరు రైలు మార్గంలో ఉంది. గిటారును రైలులో తెచ్చుకునేవారు దానిని సామాను కింద పెట్టకుండా, తల పైకి ఉండేట్లు ఒళ్ళోనే పట్టుకోవడం మంచిది. ఒకసారి వెళ్ళినప్పుడే రెండు జతల అదనపు తీగలు, ట్రస్ రాడ్ తాళం, మోపులు జరిపే తాళం తెచ్చుకుంటే మళ్ళీ ప్రయాణం తప్పుతుంది.

ఆంప్లిఫయరు, విద్యుత్తు

విద్యుత్ గిటారు ఒంటరిగా వినిపించదు కాబట్టి బడ్జెట్‌లో మూడోవంతైనా ఆంప్లిఫయరు, కేబులుకు విడిచిపెట్టాలి. ఇంటికి 10 వాట్ల చిన్నది చాలు. టెలికాస్టర్ వంటి ఒంటి చుట్ట పికప్పులు ఇంటి విద్యుత్తు యొక్క 50 హెర్ట్జ్ గుంయిమనే శబ్దాన్ని పట్టుకుంటాయి. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపే హంబకర్ దానిని రద్దు చేస్తుంది. ట్యూబులైట్లు, ఫ్యాను రెగ్యులేటర్లు ఉన్న గదులలో లెస్ పాల్ రకానికి ఉన్న నిజమైన మేలు ఇది.

గిటారు తీగలు గుర్రం ద్వారా ఆంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి. అంటే వాదకుని వేళ్ళు ఎల్లప్పుడు ఎర్తును తాకుతూనే ఉంటాయి. పందిళ్ళలోను, పాత ఇళ్ళలోను ఎర్తు తీగ లేని ప్లగ్గులో ఆంప్లిఫయరు పెట్టి, వేరే ప్లగ్గునుండి నడిచే మైకును పెదవులతో తాకితే షాకు తగిలే ప్రమాదం ఉంది. మూడు కాళ్ళ ప్లగ్గులో మూడవ కాలును విరిచి వాడడం అందుకే ప్రాణాపాయం. మైకు, గిటారు రెండింటినీ సరైన ఎర్తు ఉన్న ఒకే బోర్డు నుండి నడపాలి.