కోల్‌కతా – అగర్తల: ఆకాశంలో దూరం, నేలమీద దూరం

రెండు పట్టణాల మధ్య దూరమెంత అన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉంటుందని మనం సాధారణంగా భావిస్తాము. కోల్‌కతా, అగర్తల నగరాల విషయంలో ఈ భావన సరిపోదు. వాటి విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 317 కిలోమీటర్లు. భారత భూభాగం దాటకుండా రహదారిపై ప్రయాణిస్తే అది సుమారు 1,600 కిలోమీటర్లు. ఈ వ్యత్యాసానికి కారణాన్ని పటంలోనే గాక చరిత్రలో కూడా వెదకవలసి ఉన్నది.

ఆకాశంలోని దూరాన్ని విద్యార్థులు స్వయంగా గణించవచ్చును. కోల్‌కతా విమానాశ్రయం 22.65 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 88.45 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. అగర్తల విమానాశ్రయం అక్షాంశం 23.89, రేఖాంశం 91.24 డిగ్రీలు. అక్షాంశాలలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లకు సమానం కనుక ఉత్తర దిశగా తేడా 138 కిలోమీటర్లు. ఈ ప్రాంతంలో రేఖాంశాల మధ్య ఒక డిగ్రీ దూరం సుమారు 102 కిలోమీటర్లే కనుక తూర్పు దిశగా తేడా 285 కిలోమీటర్లు. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజపు భుజాలుగా గ్రహిస్తే కర్ణం 317 కిలోమీటర్లు అవుతుంది. భూమి గోళాకారమైనప్పటికీ ఇంత స్వల్ప దూరానికి ఈ లెక్క చాలును.

గంటకు 800 కిలోమీటర్లు పోగల జెట్ విమానానికి ఈ దూరం 24 నిమిషాల ప్రయాణమని తోచవచ్చు. కాని కాలపట్టికలో సుమారు ఒక గంట కనిపిస్తుంది. విమానం నిలిచిన చోటు నుండి కదిలినది మొదలు గమ్యంలో ఆగేవరకు పట్టే కాలమంతా అందులో చేరి ఉంటుంది. పైకి ఎగబ్రాకడానికి, కిందికి దిగడానికి, గాలి దిశననుసరించి రన్‌వేకు ఎదురుగా తిరగడానికి సమయం కావాలి. ఇంత చిన్న మార్గంలో విమానం పూర్తి వేగంతో పయనించేది కొద్ది నిమిషాలే.

ఆ కొద్దిసేపూ కింద కనిపించేది బంగ్లాదేశ్ నేల. అక్కడి గడియారం మనకంటె అరగంట ముందు నడుస్తుంది. 1944 నాటి చికాగో ఒడంబడిక ప్రకారం తన భూభాగంపై ఉన్న ఆకాశం మీద ప్రతి దేశానికీ సంపూర్ణాధికారం గలదు. కనుక ఈ సరళమార్గం ఇరుగుపొరుగుల అంగీకారంపై ఆధారపడి ఉన్నది.

1947కు పూర్వం అఖౌరా నుండి రైలులో చాంద్‌పూర్‌కు, స్టీమరులో గోలుందోకు, తిరిగి రైలులో కోల్‌కతాకు చేరేవారు. దేశ విభజనతో ఆ దారిలో సరిహద్దు ఏర్పడింది. 1949లో భారతదేశంలో విలీనమైన త్రిపురకు మూడు వైపులా పొరుగు దేశమే. నేటి దారి ఇరుకైన సిలిగురి మార్గం మీదుగా అస్సాంకు పోయి, కొండల గుండా దక్షిణానికి దిగుతుంది. వర్షాకాలంలో కొండచరియలు దానికి అడ్డుపడుతుంటాయి. అగర్తలకు 2008లో మీటరు గేజి, 2016లో బ్రాడ్ గేజి రైలు వచ్చినా, కోల్‌కతా ప్రయాణానికి సుమారు రోజున్నర పడుతుంది.

అందుచేత త్రిపుర పౌరునికి విమానం విలాసం కాదు. ఉన్నత వైద్యం కోసం బయలుదేరిన రోగికి, పరీక్షకు హాజరు కావలసిన విద్యార్థికి గంటకూ రోజున్నరకూ మధ్య తేడా ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. టిక్కెట్టు ధర భరించలేని వారికి మాత్రం ఆ పాత దూరం అలాగే మిగిలి ఉన్నది.

2015లో ఢాకా మీదుగా బస్సు సర్వీసు ప్రారంభించినప్పుడు ఆ దారి సుమారు 500 కిలోమీటర్లకు తగ్గింది. 2023లో అగర్తల – అఖౌరా రైలుమార్గానికి ప్రారంభోత్సవం జరిగింది. ఇటువంటి దారులు నిరంతరం నడవడానికి ఇనుప పట్టాలతోపాటు రెండు దేశాల సౌహార్దం కూడా అవసరం. 317 కిలోమీటర్లన్నది ప్రకృతి నిర్ణయించిన దూరం. 1,600 కిలోమీటర్లన్నది మనుష్యులు నిర్ణయించినది. మనుష్యులు పెంచిన దూరాన్ని తగ్గించవలసిన బాధ్యత కూడా మనుష్యులదే.