అమ్మకానికి రాని కారు

హైదరాబాదు బహదూర్‌పురాలో 2010లో వెలసిన సుధా కార్ల ప్రదర్శనశాలలో వంకాయ కారున్నది, కెమెరా కారున్నది. కన్యబోయిన సుధాకర్ రూపొందించిన ఆ వాహనాలు ఉత్త బొమ్మలు కావు, నడిచేవి. వాటిని చూచివచ్చిన మా వైరా విద్యార్థి ఒకడు, “మాస్టారూ, ఎవరూ కొనని కారు ఎందుకండీ?” అని అడిగినాడు.

సుధాకర్ కార్లు వినోదానికి పుట్టినవి. కాని అమ్మకానికి గాక ఆలోచనకే పుట్టిన కార్లు వేరే కలవు. వాటిని కాన్సెప్ట్ కార్లు అందురు; భావనా శకటాలనవచ్చును. అమెరికాలో జనరల్ మోటార్స్ రూపకల్పనశాఖాధిపతి హార్లీ ఎర్ల్ 1938లో సిద్ధపరచిన బ్యూక్ వై-జాబ్ వీటిలో మొదటిదని ప్రసిద్ధి. చేసినది ఒక్కటే. మీట నొక్కితే కదిలే కిటికీ అద్దాలు, మూతల చాటున దాగే దీపాలు అందులో అమర్చినారు. ఆ అద్దాలు నేడు సామాన్యుని కారులోనూ ఉన్నవి. దాగే దీపాలు దాదాపు కనుమరుగైనవి. వేల బండ్లు చేయకముందే ఒక్క బండితో ఊహను పరీక్షించుటయే దాని ప్రయోజనం.

ఆ కుర్రవాని ప్రశ్న వానిది కాదు, మనం నేర్పినది. మార్కులు రానిది వ్యర్థమని చెప్పినది మనమే. నోటుపుస్తకం అంచున గీసిన వింతబండిని నేనూ ఒకనాడు కొట్టివేసినవాడనే. ఇకమీదట, “ఇది ఎట్లా నడుచునురా?” అని అడుగదలచినాను.